పాత బుల్లెట్‌ని కెఫే రేసర్ చేయడం, దాని అల్యూమినియం అద్దంలా మెరిపించడం: నేను చేసిన పద్ధతి

మా మావయ్య బుల్లెట్ 1989 మోడల్, స్టాండర్డ్ 350, కుడివైపు గేరు ఎడమవైపు బ్రేకు, చాలా ఏళ్లు పాకలో గడ్డివాము పక్కన పడుంది. కోళ్లు ట్యాంకు మీద ఎక్కి పడుకునేవి. దాన్ని అడిగి తెచ్చుకుని కెఫే రేసర్ చేసుకున్నా. బండి పూర్తయ్యాక చూసిన ప్రతివాడూ అడిగేది ఒక్కటే, ఆ ఇంజిన్ కవర్లు ఎక్కడ క్రోమ్ చేయించావని. క్రోమ్ కాదండీ, అది ఉత్త అల్యూమినియమే, కంపెనీ పోత పోసిన అదే ముక్క, చేత్తో రుద్దింది. అందుకే బండి కట్టడం గురించి ఎంత అవసరమో అంత చెప్పి, పాలిషింగ్ గురించి మాత్రం తీరిగ్గా చెప్తా, ఎందుకంటే ఎక్కువమంది చెడగొట్టుకునేది అక్కడే, అదీ 400 నంబర్ సాండ్‌పేపర్ దగ్గరే.

కెఫే రేసర్ అంటే రంగు మార్చి గుండ్రటి సీటు పెట్టడం కాదు, ముందు అది తెలియాలి. 1950లు 60లలో ఇంగ్లాండ్ కుర్రాళ్లు రోడ్డు పక్క కెఫేల దగ్గర చేరి, మామూలు బండికే అక్కర్లేనివన్నీ పీకేసి, గంటకి వంద మైళ్లు కొట్టాలని తయారుచేసుకున్న బళ్లు ఇవి. లండన్‌లో నార్త్ సర్క్యులర్ రోడ్డు మీద ఏస్ కెఫే అని ఉంది, 1938లో మొదలైంది, వీళ్లందరికీ అడ్డా అదే. నార్టన్ కంపెనీ ఫెదర్‌బెడ్ అనే ఫ్రేములో ట్రయంఫ్ కంపెనీ ఇంజిన్ ఎక్కించి దాన్ని ట్రైటన్ అనేవాళ్లు. రాయల్ ఎన్‌ఫీల్డ్ కూడా 1964లో కాంటినెంటల్ జీటీ 250 అని ఫ్యాక్టరీ నుంచే అలాంటి బండి దింపింది. అంటే కిందకి ఉన్న హ్యాండిల్, వెనక్కి జరిగిన ఫుట్‌రెస్టులు, ఒక్క మనిషి సీటు, ఇవన్నీ గాలికి అడ్డం తగ్గడానికి, బరువు తగ్గడానికి పుట్టినవే. ఏ పార్టు పెట్టినా తీసినా ఈ లెక్క గుర్తు పెట్టుకుంటే బండి తప్పుదారి పట్టదు.

కట్టర్ ఆన్ చేసే ముందు చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకీ, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కీ తేడా వచ్చేలా బండి మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే చట్టం సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5000 రూపాయల ఫైన్ ఉంది, జైలు కూడా రాసి ఉంది. అందుకే నేను ఫ్రేము ఎక్కడా కోయలేదు, వెల్డింగ్ చేయలేదు, పెట్టినవన్నీ బోల్టులతో పెట్టినవే, ఒక్క రోజులో మళ్లీ పాత బుల్లెట్ చేసేయొచ్చు. పీకిన ప్రతి పార్టూ గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టా. ఇలా చేస్తే చట్టం ఒప్పేసుకుంటుందని కాదు, రేపు ఫిట్‌నెస్‌కి వెళ్లాల్సొస్తే దారి ఉంటుందని. రంగు మారిస్తే ఆర్టీవో ఆఫీసులో ఆర్సీలో ఎక్కించుకోండి, ఇన్సూరెన్స్ వాళ్లకీ చెప్పండి.

మొదట చేయాల్సింది ఇంజిన్ ఆడించడం. చాలామంది ముందు ట్యాంకు పెయింట్ చేయించి, ఆ ఉత్సాహం అయిపోయాక ఇంజిన్ విప్పుతారు, అప్పటికి డబ్బులుండవు. ఆయిల్ మార్చి, కార్బురేటర్ కడిగి, ప్లాటినా పాయింట్ల (ప్లగ్గుకి కరెంటు పంపే కాంటాక్టులు) సందు ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులు) 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లకి పెట్టి, కరెంటు వస్తుందో లేదో చూసి, డీకంప్రెసర్ (సిలిండర్లో ఒత్తిడి వదిలే మీట) నొక్కి అమ్మీటర్ ముల్లు మధ్యకి తెచ్చి కిక్కు కొట్టండి. స్టార్ట్ అయ్యాక ఓ వంద కిలోమీటర్లు ఉన్నది ఉన్నట్టే తిప్పండి. పొగ వస్తుందా, గేరు జారుతుందా, చైన్ కేసులోంచి ఆయిల్ కారుతుందా, అన్నీ రాసుకోండి. 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న 346 సీసీ ఇంజిన్ ఇది, నెమ్మదిగా లాగడానికి పుట్టింది, దీన్నుంచి వంద మైళ్లు రావు, రావాలని బలవంతం చేయకండి. ఆరోగ్యంగా ఉంటే చాలు.

తర్వాత గీత. బండిని స్టాండు మీద నిలబెట్టి పక్క నుంచి ఫోటో తీసి, ట్యాంకు అడుగు అంచు నుంచి వెనక చక్రం దాకా స్కేలుతో ఒక గీత గీయండి. కెఫే రేసర్ అందమంతా ఆ ఒక్క గీతలోనే ఉంటుంది. ట్యాంకు అడుగు, సీటు అడుగు ఒకే వరసలో సాగిపోవాలి. బుల్లెట్ ట్యాంకు ముందు ఎత్తుగా వెనక వాలుగా కూర్చుంటుంది, కాబట్టి సీటు ముందు అంచు దానికి అందుకునేలా ఉండాలి, లేకపోతే మధ్యలో విరిగినట్టు కనపడుతుంది. నేను ఫ్రిజ్ అట్టపెట్టె కోసి సీటు ఆకారం చేసి, టేపు వేసి, నాలుగు రోజులు వాకిట్లో పెట్టి పొద్దున సాయంత్రం చూసుకున్నా, మూడుసార్లు మార్చా. అట్టకి అయ్యే ఖర్చు సున్నా, షీటు కోశాక మార్చాలంటే మళ్లీ ఆటోనగర్ వెళ్లాలి.

హ్యాండిల్‌కి రెండు దారులు. బుల్లెట్ హెడ్‌లైటు గూడు ఉంది చూడండి, ఆ అల్యూమినియం ముక్కలోకే ఫోర్కు గొట్టాలు పైన బిగుసుకుంటాయి, కాబట్టి క్లిప్-ఆన్‌లు (ఒక్కో ఫోర్కు గొట్టానికి విడిగా పట్టించే పొట్టి హ్యాండిళ్లు) పెట్టాలంటే ఫోర్కు మీద ఉండే రేకు తొడుగులు తీసి, ఆ గూడు కింద గొట్టానికి పట్టించాలి. గొట్టం బయటి వ్యాసం వెర్నియర్ కాలిపర్‌తో కొలిచాకే కొనండి, అంగడివాడు చెప్పిన మాట మీద వద్దు. రెండో దారి 22 మిల్లీమీటర్ల క్లబ్‌మన్ బార్, అంటే కిందకి వంగిన ఒకే ముక్క హ్యాండిల్, పాత హ్యాండిల్ కూర్చునే చోటే కూర్చుంటుంది, ఏమీ కదల్చక్కర్లేదు. మొదటి బండి కట్టేవాళ్లకి నేను ఇదే చెప్తా. ఏది పెట్టినా హ్యాండిల్ పూర్తిగా ఎడమకి కుడికి తిప్పి చూడండి, బొటనవేలు ట్యాంకుకీ హ్యాండిల్‌కీ మధ్య నలగకూడదు, యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుని ఇంజిన్ తనంతట తను రేజ్ అవ్వకూడదు. ఇది చూసుకోకుండా రోడ్డెక్కితే యూటర్న్‌లో పడిపోతారు.

ఫుట్‌రెస్టులు వెనక్కి జరపడం పాత బుల్లెట్‌లో కొంచెం తలనొప్పి. గేరూ కిక్కూ రెండూ కుడివైపే. ఫుట్‌రెస్టు వెనక్కి వచ్చేసరికి కిక్ రాడ్డు దారిలో పడుతుంది, అందుకని మడతపడే ఫుట్‌రెస్టు తప్పనిసరి. గేరు లీవర్‌ని వెనక్కి తిప్పి బిగించారనుకోండి, ప్యాటర్న్ తలకిందులవుతుంది: మామూలుగా మొదటి గేరు పైకి మిగతా మూడు కిందకి పడేది కాస్తా మొదటిది కిందకి మిగతావి పైకి అవుతాయి. తప్పేం లేదు, అలవాటవుతుంది, కానీ ఆ బండి ఇంకొకళ్లకి ఇచ్చేటప్పుడు చెప్పి తీరాలి. ఎడమవైపు బ్రేకు రాడ్డు కొత్త పొడవుకి లేత్ దగ్గర చేయించుకోండి, రెండు చివర్లా స్ప్లిట్ పిన్ను ఉండాలి, తీగముక్క కట్టి సరిపెట్టకండి.

సీటు 18 గేజ్ షీటు మీద కట్టించా, వెనక చిన్న మూపురం, పైన ఒత్తుగా ఉండే ఫోమ్, దాని మీద మామూలు నల్ల రెగ్జిన్. సీటు ఎక్కించే ముందు వెనక షాక్ అబ్జార్బర్లు విప్పి, చక్రాన్ని పైకంటా ఎత్తి, టైరు సీటు అడుగుకి తగులుతుందేమో చూడండి, కనీసం రెండు వేళ్ల సందు ఉండాలి. మడ్‌గార్డ్ మొత్తం పీకేయడం నాకు నచ్చదు, మన వానల్లో వీపంతా బురద, బ్యాటరీ మీద బురద, పైగా అదీ తప్పే. కురచగా ఉండే రేకు మడ్‌గార్డ్ విడిగా కొని ఎక్కించా, పాతది అటక మీద ఉంది. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి గుండ్రటి ఫిల్టర్ తగిలిస్తే గాలి ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది, అప్పుడు కార్బురేటర్లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ సైజు పెంచాల్సిందే. ప్లగ్గు విప్పి చూడండి, లేత గోధుమరంగు ఉంటే సరి, తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, మసిగా ఉంటే ఎక్కువైంది. సైలెన్సర్ లోపలి గొట్టం తీసేసి చప్పుడు పెంచే పని మాత్రం చేయకండి. మా వీధిలో పసిపిల్లలున్నారు, గుండె జబ్బు ఉన్న పెద్దాయన ఉన్నాడు, మీ వీధిలోనూ ఉంటారు.

ఇవన్నీ రంగు లేకుండా, పాలిష్ లేకుండా, పచ్చిగా ఒకసారి మొత్తం బిగించి తిప్పాలి. ఏ బోల్టు ఎక్కడ తగులుతుందో, ఏ కేబుల్ చాలట్లేదో అప్పుడే బయటపడుతుంది. నేను మొదటిసారి ఈ పని చేయకుండా ట్యాంకు పెయింట్ చేయించేశా, తర్వాత బ్రాకెట్ ఒకటి తగిలి కొత్త పెయింట్ లేచిపోయింది. పచ్చి బండి తిప్పి, సరిచేసి, అప్పుడు మళ్లీ విప్పి రంగుకి ఇవ్వండి. రంగు ఆరేలోపు మీ చేతులు ఖాళీ, పాలిషింగ్‌కి సరైన టైము అదే.

ముందు ఏది ఏ లోహమో తేల్చుకోండి. బుల్లెట్‌లో ప్రైమరీ చైన్ కవర్, టైమింగ్ కవర్, గేర్‌బాక్స్ కవర్, రెండు రాకర్ కవర్లు, ఫోర్కు కింది కాళ్లు, హెడ్‌లైటు గూడు, ఇవి అల్యూమినియం. అయస్కాంతం పెడితే అంటుకోదు. రిమ్ములు, బెండ్ పైపు, సైలెన్సర్ ఇనుము మీద క్రోమ్. క్రోమ్‌ని ఎప్పుడూ పేపర్ పెట్టి రుద్దకండి, ఆ పూత వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచన, పోయిందంటే కింద నికెల్ పసుపుగా బయటపడి ఆ తర్వాత తుప్పే. క్రోమ్ మీద చిన్న తుప్పు చుక్కలకి వంటింట్లో వాడే అల్యూమినియం ఫాయిల్ ముక్క తడిపి రుద్దితే చాలు, ఫాయిల్ క్రోమ్ కంటే మెత్తన కాబట్టి గీత పడదు. ఇత్తడి ముక్కలుంటే మన ఇళ్లలో బిందెలు తోమే చింతపండే వాడండి, హాయిగా వదులుతుంది. అల్యూమినియంకి మాత్రం చింతపండు మెరుపు తేలేదు. కాస్టిక్ సోడా అయితే అసలు దగ్గరకి రానీయకండి, అల్యూమినియం బుసబుసా పొంగి నల్లబడి తినేస్తుంది, పైగా వచ్చే వాయువు హైడ్రోజన్.

ప్రైమరీ చైన్ కవర్‌తో మొదలెట్టండి. ఒకే ఒక్క నట్టు మీద కూర్చుంటుంది, ఫుట్‌రెస్టు బ్రేకు పెడలు పక్కకి తీసి, కింద ట్రే పెట్టి ఆయిల్ వంపుకుంటే వచ్చేస్తుంది, లోపల ఆయిల్ దారులేవీ లేవు, చేయి అలవాటు చేసుకోవడానికి ఇంతకన్నా మంచి ముక్క లేదు. డీజిల్‌తో కడిగి, గిన్నెలు తోమే లిక్విడ్‌తో వేడినీళ్లలో మళ్లీ కడగండి. మీద లాక్కరో (పారదర్శకంగా ఉండే వార్నిష్ పూత) పెయింటో ఉంటే పెయింట్ రిమూవర్ పూసి, బుడగలు వచ్చాక చెక్క ముక్కతో గీకండి, బయట గాలిలో, గ్లవ్స్ వేసుకుని, ఆ వాసన మంచిది కాదు. లాక్కర్ మిగిలి ఉండగా పేపర్ వేస్తే పేపర్ జిగురెక్కి ఆగిపోతుంది తప్ప లోహం దాకా పోదు.

ఇప్పుడు పేపర్, నంబర్ పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. గాట్లు, రాయి తగిలిన మచ్చలు ఉంటే ఆ చోట మాత్రమే 180 తోటి మొదలు, లేకపోతే 320 నుంచి. అన్నీ వాటర్ పేపర్లే, బకెట్‌లో నీళ్లు, అందులో రెండు చుక్కల సబ్బు, పేపర్ ముందే పది నిమిషాలు నాననివ్వండి. 320, 400, 600, 800, 1000, ఇదీ వరస. ఒక్కటి కూడా దాటేయకండి. కిటుకు ఏంటంటే ప్రతి నంబర్‌కీ దిక్కు మార్చాలి. 320తో అడ్డంగా రుద్దితే 400తో నిలువుగా, 600తో మళ్లీ అడ్డంగా. అలా చేస్తే ముందు పేపర్ గీతలు ఇంకా మిగిలున్నాయా లేదా అన్నది కంటికి తెలుస్తుంది, అడ్డగీత ఒక్కటి కనపడినా పై నంబర్‌కి వెళ్లకూడదు. గుండ్రంగా రుద్దితే ఇది తెలీదు, అంతా ఒకేలా మసగ్గా కనపడి అయిపోయిందనిపిస్తుంది. 400 దగ్గర అందరికీ విసుగొస్తుంది, ఎంత రుద్దినా రూపు మారినట్టుండదు, అక్కడే వదిలేసి బఫింగ్ మిషన్ (తిరిగే గుడ్డ చక్రంతో మెరిపించేది) మీద పెట్టేస్తారు, మెరుపైతే వస్తుంది కానీ ఎండలో పెట్టగానే లోపల గీతలన్నీ సాలెగూడులా లేస్తాయి. బఫింగ్ గీతని చెరపదు, గీతకి కూడా మెరుపు పెడుతుంది అంతే. ఆ ఒక్క కవర్‌కి నాకు మూడు సాయంత్రాలు పట్టింది, అందులో సగం 400కీ 600కీ పోయింది.

నంబర్ మారేటప్పుడల్లా ముక్కని, చేతిని, బకెట్‌ని కడగండి, 320 రేణువు ఒక్కటి 800 పేపర్ కిందకి వచ్చిందంటే పొడుగు గీత ఒకటి పడుతుంది. ట్యూబ్‌లైటు కింద ముక్కని పక్కకి వంచి చూడండి, ఆ లైటు గీత ముక్క మీద వంకర లేకుండా కనపడాలి. ఒకే చోట వేలితో నొక్కి రుద్దితే గుంట పడి ఆ వెలుగు గీత అక్కడ వంగుతుంది, అందుకే చదునైన చోట పేపర్ వెనక చిన్న రబ్బరు ముక్కో పాత చెప్పు ముక్కో పెట్టుకోండి. పోతలో సన్నటి రంధ్రాలు కొన్నిచోట్ల కనపడతాయి, అది పాత పోత లక్షణం, వాటిని పోగొట్టాలని లోతుగా రుద్దితే కింద నుంచి ఇంకొన్ని బయటకొస్తాయి, వదిలేయండి.

రుద్దకూడని చోట్లు మూడు. ఒకటి, ఇంజిన్ నంబర్, చాసిస్ నంబర్ కొట్టి ఉన్న చోటు. మెరుపు మోజులో ఛాంబర్ (ఇంజిన్ కింది గూడు) మొత్తం రుద్దుకుంటూ పోయి నంబర్ పలచబడితే దొంగబండి కాదని మీరే నిరూపించుకోవాలి, ఆ చోటికి నాలుగు పొరల టేపు వేసేయండి. రెండు, ప్యాకింగ్ (ఆయిల్ కారకుండా కవర్ కింద వేసే గాస్కెట్) కూర్చునే అంచు. దాని మూల కాస్త గుండ్రమైనా ఆయిల్ కారుతుంది. మూడు, కవర్ మీద ఉబ్బెత్తుగా ఉన్న అక్షరాలు, వాటి అంచులు వాడిగా ఉంటేనే అందం, చుట్టూ రుద్దండి కానీ పైన చేత్తో 800, 1000 మాత్రమే.

బఫింగ్‌కి బెంచ్ గ్రైండర్ ఉంటే చాలు, 6 అంగుళాల చక్రం, 2800 ఆర్పీఎం. ఒక వైపు రాయి ఉంచి ఇంకోవైపు బఫ్ పెట్టకండి, ఇనుము నిప్పురవ్వలు అల్యూమినియం పొడి మీద పడితే మంట, ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. రెండువైపులా బఫ్‌లే పెట్టి, పని అయ్యాక పొడి తుడిచేయండి. గట్టి నార చక్రానికి గోధుమరంగు బఫింగ్ సబ్బు, ఇది కోసేది, మెత్తటి గుడ్డ చక్రానికి తెల్ల సబ్బు, ఇది మెరిపించేది, ఆకుపచ్చది స్టీలుకి ఎక్కువ పనికొస్తుంది. ఒక చక్రానికి ఒకే సబ్బు, కలపకూడదు. ముక్కని చక్రం మధ్య కన్నా కింద భాగంలో ఆనించండి, ముక్క పై అంచు ఎప్పుడూ తిరిగివచ్చే చక్రానికి ఎదురు పడకూడదు, పడితే లాక్కుని నేలకేసి కొడుతుంది, కవర్ పోవడం అటుంచి కాలి వేళ్లు పోతాయి. కళ్లద్దాలు, మాస్కు ఉండాలి, వదులు గ్లవ్స్ పొడుగు చేతుల చొక్కా ఉండకూడదు, మణికట్టుకి గుళ్లో కట్టిన దారం ఉన్నా దాన్ని పైకి మడిచి టేపు వేసుకోండి.

గట్టిగా అదమక్కర్లేదు. సబ్బు కొద్దికొద్దిగా పట్టిస్తూ, ముక్క చేతికి వేడిగా తగిలితే ఆపుతూ, ముందు చక్రం తిరిగే దిక్కుకి ఎదురుగా కదిపి నల్లటి జిడ్డు లేపండి, ఆఖర్న చక్రంతో పాటు తేలిగ్గా కదిపితే మెరుపు తేలుతుంది. నల్లచారలు మిగిలితే సబ్బు ఎక్కువైనట్టు, పాత హ్యాక్సా బ్లేడుతో చక్రాన్ని గీకి శుభ్రం చేసుకోండి. తర్వాత కాస్త టాల్కం పౌడర్ చల్లి మెత్తటి బనీను గుడ్డతో తుడిస్తే జిడ్డంతా పౌడరు లాగేసుకుంటుంది, అప్పుడు మొహం చూసుకోండి. మిషన్ లేకపోతే 1500, 2000 పేపర్లు కూడా వేసి ఆటోసాల్ లాంటి పేస్టుతో చేత్తో రుద్దినా వస్తుంది, రెండింతల టైము పడుతుంది, ఫోర్కు కాళ్లు నేను అలాగే చేశా.

టైమింగ్ కవర్ దగ్గర మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. పాత బుల్లెట్‌లో ఆయిల్ పంపులు రెండూ ఆ కవర్లోనే ఉంటాయి, ఆయిల్ దారులూ అందులోంచే, క్రాంకుకి ఆయిల్ పోయే చోట చిన్న కార్క్ వాషర్ ఉంటుంది. పంపులు విప్పి ఏది ఎక్కడిదో రాసి విడివిడి ప్లాస్టిక్ సంచుల్లో పెట్టండి, తారుమారు కాకూడదు. బఫింగ్‌కి ముందు ప్రతి రంధ్రం మైనంతో మూయండి. అయ్యాక మైనం తీసి, డీజిల్, సబ్బు నీళ్లు, ఆ తర్వాత కంప్రెసర్ గాలి, ప్రతి దారిలోంచి గాలి అవతల వస్తుందో లేదో వేలు పెట్టి చూడండి. బఫింగ్ సబ్బు అంటే గరుకు పొడి కలిసిన మైనమే, అది చిటికెడు బిగ్ ఎండ్‌కి (కనెక్టింగ్ రాడ్ క్రాంకు మీద తిరిగే బేరింగు) చేరితే ఇంజిన్ దింపాల్సిందే. కొత్త కార్క్ వాషర్, కొత్త ప్యాకింగ్ వేసి బిగించి, ఫిల్టర్ గూట్లో ఆయిల్ నింపి, స్టార్ట్ చేశాక రాకర్‌కి పోయే సన్న పైపు బోల్టు కాస్త వదులు చేసి ఆయిల్ చెమరుస్తుందో చూడండి. చెమర్చకపోతే వెంటనే ఆపేయండి.

మెరిసిన అల్యూమినియం మీద లాక్కర్ వేయమని చాలామంది అంటారు, ఇంజిన్ కవర్లకి వద్దు, వేడికి పసుపెక్కి పొరలుగా లేస్తుంది, మళ్లీ రిమూవర్ దగ్గరికి రావాలి. పలచగా కారు వ్యాక్స్ పూసి, నెలకోసారి పేస్టుతో పది నిమిషాలు తుడుచుకుంటే చాలు. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లలో పదిహేను రోజులకోసారి. గిన్నెలు తోమే పొడి, స్టీలు పీచు బండి దగ్గరికే రానీయకండి. వానలో తడిసి ఇంటికొచ్చిన రోజు ఇంజిన్ చల్లారాక మంచినీళ్లతో కడిగి గుడ్డతో తుడవండి, రాత్రంతా ఆ నీటిచుక్కలు ఆరి తెల్ల మచ్చలు పడ్డాయంటే 1000 పేపర్ దగ్గర్నుంచి మళ్లీ మొదలెట్టాలి.